మోకాళ్ళ దాకా సముద్రం

ఫిబ్రవరి 4, బుధవారం

తప్పులుంటే ఏమనుకోవద్దు కాగితమా. అయిదో తరగతితో బడి మాన్పించినారు. అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయి... అయినా రాయకుండా ఉండలేను. శుక్రవారం ఓడెక్కుతున్నాం.

మామ వంట చేసే టూరు కంపెనీ వాళ్ళ ఓడ. డాల్ఫిన్లు, పక్షులు చూపిస్తారంట. దీవిలో దించి ఆడుకోనిస్తారంట. ఈ తడవ ఒక గది ఖాళీ. "నీ పెండ్లాన్నీ తీసుకురాప్పా" అన్నాడంట ఓనరు. బెంగళూరుకు వచ్చినాక మారతహళ్ళి దాటి నేను చూసింది మడివాళ మార్కెట్టే. పెళ్ళయినా మొగుణ్ణి మామ అనే పిలుస్తానని ఓడలో వచ్చే మేడమ్‌లు నవ్వుతారేమో.

ఫిబ్రవరి 5

పొద్దున మళ్ళీ వాంతి. నెల తప్పింది. మామకు చెప్పాలంటే నోరు రాదు.

చెబితే ఇంకో చిక్కు. తోడికోడలు కడుపుతో ఉన్నప్పుడు అందరం చెన్నై పోతే, అత్త బావను సముద్రంలో మునగనీలేదు. గడ్డమూ గీయనీలేదు. కడుపుతో ఉన్నదాని మొగుడు ఆ రెండూ చేయకూడదంట. కాన్పయ్యే దాకా బావ సన్యాసి మాదిరి తిరిగినాడు. మామ ఎంత ఎగతాళి చేసినాడో.

ఇన్ని ట్రిప్పులు పోయినా వంటతోనే సరి, మామ ఒక్కసారీ సముద్రంలో మునగలేదు. ఈసారి ఇంకో వంటాయన ఉండాడు. "మునిగేదే" అంటాడు మామ. రోజూ అదే మాట.

ఫిబ్రవరి 7, శనివారం. ఓడలో

చెయ్యి ఊగుతోంది. పెన్ను ఊగుతోంది.

రాత్రి అందరికీ వాంతులు. నావీ వాటిలో కలిసిపోయినాయి. ఎవరూ అడగలేదు.

పొద్దున్నే లైఫ్ జాకెట్ తొడిగించినారు. మామ చూసి "గ్యాసు సిలిండర్ మాదిరి ఉండావే" అంటాడు. బైనాక్యులర్‌లో మొదట నా కనురెప్పలే. తర్వాత గద్ద — తెల్ల కడుపు, కాళ్ళలో చేప. తర్వాత తాబేలు తల, ఒక్క గుటక గాలి, మళ్ళీ లేదు.

"సుమ్నిరి, సుమ్నిరి" అంది చూపించే అమ్మాయి, ఊరికే ఉండమని. అందరూ ఊరుకున్నారు. నేనే అరిచినా — "మామా, అదో!" అంతమందీ నా వైపే. సిగ్గుపడేదానికి టైము ఏదీ... నల్లగా, నున్నగా, ఓడ ముందర దుముకుతా ఉండాయి డాల్ఫిన్లు. ఒకదాని పక్కన చిన్నది. తల్లి లేస్తే లేస్తాది, మునిగితే మునుగుతాది.

మధ్యాహ్నం దీవి. తెల్ల ఇసుక. ఎండ్రకాయలు అడ్డంగా పరుగు. మేడమ్‌లు తువ్వాళ్ళు పరిచి పడుకున్నారు. నేను చెప్పులు విప్పినా, అంతే. మామ చొక్కా విప్పి ఒకటే పరుగు. మోకాళ్ళ దాకా నీళ్ళు.

అరిచి చెప్పే మాట కాదు. చూడీదారు తడుస్తా ఉన్నా పోయినా.

"మామా, రేపట్నుంచి గడ్డం గీయద్దు."

"ఏం, సన్యాసుల్లో కలుపుతావా?"

"బావ మాదిరి పెంచుకో."

నవ్వబోయినాడు. ఆగినాడు. అల వచ్చింది, పోయింది. నన్ను చూసినాడు, నీళ్ళను చూసినాడు... గర్భగుడిలోంచి వచ్చినట్టు వెనక్కి వెనక్కి నడిచి ఒడ్డెక్కినాడు.

"ఏం వంటాయనా, భయమా?" — ఎవరో సారు.

"ఉప్పునీళ్ళు నాకు పడవు సార్."

సాయంత్రం దాకా నా పక్కనే ఇసుకలో. తువ్వాలు నా నెత్తిన కప్పినాడు. గవ్వలు ఏరి నా ఒళ్ళో పోస్తానే ఉన్నాడు.

ఫిబ్రవరి 9

ఇల్లు. మంచం ఇంకా ఊగుతానే ఉండాది.

ఫిబ్రవరి 10

మామ అద్దం ముందు బ్లేడు పట్టుకుని నిలబడినాడు. మళ్ళీ డబ్బాలో పెట్టేసినాడు. అత్త ఫోన్‌లో చూసి "ఏంరా గడ్డం?" అంటే "బ్లేడు మొండిదమ్మా" అన్నాడు.

పడుకునే ముందు మెల్లగా — "మోకాళ్ళ దాకా తడిస్తే మునిగినట్టు కాదు గదా?"

కాదన్నా. నాకేం తెలుసు.

రేపు ఆస్పత్రికి. డాక్టరమ్మ కడుపు కాదంటే మామకు మళ్ళీ సముద్రంలో మునిగే తీరిక ఎప్పుడు దొరుకుతాదో... కాగితమా, కాదంటే నిన్ను పొయ్యిలో పెట్టేస్తా. అవునన్నా పెట్టాల్సిందే, అత్త నిన్ను చదివేలోపు నేనే నోటితో చెప్పాల. డాల్ఫిన్ల పేజీ మాత్రం చింపి దాచుకుంటా.

గడ్డం గుచ్చుకుంటోంది.