చారులో తేలిన దిష్టి

విమలా,

పొయ్యి మీదున్న చారు ఈ పూట నాకు వడ్డించకు. రక్తపరీక్షకు మలక్‌పేట వెళ్తున్నాను. ఈసారీ పొటాషియం తగ్గకపోతే ఆసుపత్రిలో చేరాల్సిందేనని కిడ్నీ డాక్టరు అన్నది నీకు గుర్తుందిగా.

కూరగాయలు ఉడికించిన నీళ్లు ఆయన పారబోయమన్నది, వాటిలోని పొటాషియం ఆ నీళ్లలోకి దిగుతుందనే. నువ్వు శ్రద్ధగా వారుస్తున్నావని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఇందాక స్నానం చేస్తుంటే, పక్కింటి లలితమ్మతో నువ్వు అంటున్న మాట వినబడింది: "బలమంతా గీ నీళ్లల్లనే ఉంటదక్కా, పారవోయనీకి చేతులెట్లొస్తయి? రోజూ గీటితోనే ఆయనకు చారు పెడ్తున్న." నేను బయటికి వచ్చేసరికి ఇద్దరూ పత్తర్‌గట్టికి వెళ్లిపోయారు.

పథ్యం చేస్తున్నా పొటాషియం పెరగడానికి దిష్టే కారణమని గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించావు. ఆ దిష్టి ఇంగువ పోపుతో నా కంచంలోకే వస్తోందని మనిద్దరికీ తోచలేదు.

కోపమేమీ లేదు. చప్పిడి కూరల మధ్య భోజనంలా అనిపించింది ఆ చారు ఒక్కటే. రేపటి నుంచి మంచినీళ్లతో పెట్టు.

తా.క. వెళ్లే ముందు ఒక్క గరిటె తాగాను. రిపోర్టులో అది బయటపడితే డాక్టరుకు దిష్టి అనే చెబుదాం.