వెనక్కి పోయిన నీళ్లు

తమ్ముడూ,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. నువ్వు మిల్లులో పని చేసిన బొంబాయికి నాయనా నేనూ చీరలు అమ్మడానికి వచ్చాం. నిన్న ఊరు చూపించడానికి ఒక పాలమూరు మనిషి తోడొచ్చాడు. పొద్దున రేవులో పడవలు నీళ్లమీద ఊగుతున్నాయి. ఊరంతా తిరిగి సాయంత్రం వచ్చేసరికి అవే పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి.

"నీళ్లేవి?" అన్నాడు నాయన.

"సముద్రం ఎనక్కి పోయింది పెద్దాయనా, మల్ల వస్తది," అన్నాడు ఆ మనిషి.

సెలవుకు మన గద్వాల వచ్చినప్పుడు నువ్వు ఇదే చెబితే, "కృష్ణ ఒడ్డున పుట్టి గిట్ల అబద్ధాలు చెప్తవా?" అని నాయన కసిరాడు కదా. ఇప్పుడు చాలాసేపు ఆ బురదనే చూశాడు.

"మా చిన్నోడు గీ మాట ఎప్పుడో చెప్పిండు," అన్నాడు.

నువ్వు పోయాక ఆయన నీ మాటెత్తడం ఇదే మొదలు. నీళ్లు తిరిగొచ్చేదాకా కదలనన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

నీ అన్న