దుప్పటి కింద చెయ్యి

డిసెంబర్ 13, 2024
వ్యాసం సగంలో ఆగింది. ‘ఎడారిలో మంచు పండుగ — ఎవడి చెమటతో?’ శీర్షిక బాగానే ఉంది. కింద నాలుగు తిట్లు తప్ప ఏమీ లేదు. మా ఆవిడ సుగుణకు ఇక్కడి దుబాయ్ ఆఫీసులో టికెట్లు ఇచ్చారట. “చూడకుండా తిట్టడం మీకు అలవాటే. ఈసారి చూసి తిట్టండి.” రేపు వెళ్తున్నాం.

డిసెంబర్ 14
హాలంతా మంచు. సున్నాకి కింద ఎనిమిది. మంచు కోట, మంచు ఒంటెలు, లోపల ఊదా రంగు దీపాలు. గుమ్మంలో అందరికీ ఒకే నీలం కోటు — అంతకుముందు వేసుకున్నవాడి వెచ్చదనం ఇంకా పోలేదు. జనం జారుతున్నారు, కేకలు, సెల్ఫీలు. నేను మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను. ఆగస్టులో మనిషి కూలిపోయినా పని ఆగదు, డిసెంబరులో ఒంటె కరగకుండా ఇన్ని యంత్రాలు…

ఒంటె కాళ్ల దగ్గర ఒకతను ఉలితో మంచు గీకుతున్నాడు. మా తెలుగు విని తలెత్తాడు. జగిత్యాల వైపట. ఈ చలిలో పని కష్టం కాదా అన్నాను.

“ఎండల పనికంటె నయం సార్. అండ్లయితే పడిపోతం. ఇండ్ల వణుకుతం, గంతే. మీరు పేపర్ల రాస్తరా? రాయున్రి గని, ఈ పని బందు వెట్టియ్యకున్రి.”

వాదించబోయాను. అతని కనుబొమ్మల మీద తెల్లటి పొడి.

సుగుణను వదిలేసి బయటికి వచ్చేశాను.

డిసెంబర్ 15
లచ్చన్న. ఆగస్టులో పరంజా మీద ఎండకు పడిపోయినవాడు. అప్పుడు శవాగారంలో సొరుగు లాగారు — కనుబొమ్మల మీద అదే తెల్లటి పొడి.

మన కార్మికుల క్యాంపుల్లో ఇదొక పద్ధతి అయిపోయింది. మనిషి పోతే గదివాళ్లు గుర్తుపట్టడానికి రారు. డ్యూటీ పోతుంది, పైగా కాగితం మీద సంతకమంటే భయం. ఇంగ్లీషు వచ్చిన నాలాంటివాణ్ణి పంపుతారు. ముఖం తెలిసినవాడు క్యాంపులో, సంతకం తెలిసినవాడు శవం ముందు. అల్ వర్సాన్ క్యాంపులో నేను లచ్చన్నను చూసింది రెండుసార్లు. రెండుసార్లూ నేనే మాట్లాడాను. అతను విన్నాడు.

ఇతనేనా అన్నారు. అవునన్నాను. “ఖలాస్,” అయిపోయిందని సొరుగు మూశాడు అటెండెంటు. ఎంతసేపు చూశాను? ఊపిరి బిగబట్టినంతసేపు.

డిసెంబర్ 16
అప్పట్లో, శవపెట్టె ఊరు చేరిన రోజు లచ్చన్న భార్య రాజవ్వ ఫోన్ చేసింది. “పెట్టె తెరువద్దంటున్నరు సార్. కుడిచెయ్యి మీద నా పేరు పచ్చబొట్టు ఉంటది. మీరు సూసిన్రా?”

“చూశానమ్మా.”

చెయ్యి దుప్పటి కింద ఉంది.

నా మాట మీద పెట్టె తెరవలేదు. పెట్టెతోనే దహనం చేశారు. తర్వాతి వారం వ్యాసంలో ‘నా కళ్లతో చూశాను’ అని కూడా రాశాను. వీసా ఇచ్చి పాస్‌పోర్టు దాచుకునే కఫీళ్లను, రెండు ప్రభుత్వాలను, మధ్యతరగతిని — మనిషిని మనిషిగా చూడని వాళ్లందర్నీ ఉతికేశాను. చాలామంది మెచ్చుకున్నారు.

డిసెంబర్ 17
అతనే అయి ఉంటాడు. పాస్‌పోర్టు నంబరు సరిపోయింది. కాలికి చీటీ ఉంది. అతనే.
ఫ్రిజ్ తలుపు తెరవలేకపోతున్నాను.

డిసెంబర్ 18
సుగుణకు చెప్పాను. “ఇప్పుడు చెప్పి ఆమెను ఏం చేద్దామని? మీ బరువు దిగుతుంది, సరే. ఆమెకు?” నిజం తెలుసుకోవడం ఆమె హక్కు అన్నాను. “అది వ్యాసంలో రాసుకోండి.”

డిసెంబర్ 19
రాజవ్వకు ఫోన్ చేశాను. చెప్పేశాను. చెయ్యి చూడలేదని, అబద్ధమాడానని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“గల్ఫ్ నుంచి అచ్చిన మా ఊరి నర్సయ్య కల్బాల మా ఆయన్ను సూసిన అన్నడు సార్, దసరా ముంగట. దుకాణం కాడ నిలవడ్డడట. నేను నమ్మలే. దుబాయ్ సారు చెయ్యి సూసిండు, నీ కండ్లు పోయినయారా అని నర్సయ్య మీదికి చెప్పు తీసిన.”

“అమ్మా, అది వేరే ఎవరో —”

“గదిగూడ సూసే చెప్తున్నరా సార్?”

ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను…

“ఒక్కపారి పోయి రాన్రి. ఈసారన్న మంచిగ సూడున్రి.”

డిసెంబర్ 22, ఆదివారం
కల్బా. దుబాయ్‌కి తూర్పున, సముద్రం ఒడ్డు ఊరు. పొద్దున్నే ఫుజైరా మీదుగా వచ్చాను. టైలరు, మొబైల్ దుకాణం, ఇనుప సామాను కొట్టు — ఫోన్‌లో లచ్చన్న ఫోటో చూపించి అడుగుతున్నాను. ఒక మలయాళీ కిరాణా ఆయన ఫోటో పెద్దది చేసి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు. “ఐసా ఏక్ ఆద్మీ ఆతా థా భాయ్… పక్కా నహీ.” ఇలాంటివాడొకడు వచ్చేవాడట, ఖాయంగా చెప్పలేడట; ఎప్పుడంటే తెలియదన్నాడు.

బతికుంటే ఇన్ని నెలలు ఇంటికి ఫోన్ చేయడా? నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా పొద్దుట్నుంచి నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. ఇప్పుడు లేడని చెబితే మళ్లీ చూడకుండా చెప్పినట్టే.

ఇంకా రెండు వీధులున్నాయి.