రెండు తొమ్మిదులు

నేను, క్రికెట్ ఆటస్థలంలో అంకెల బోర్డు మీద నలభై ఏళ్లు రేకులు మార్చిన మనిషిని, వీధిలో అందరికీ బోర్డాయనని, డెబ్బై తొమ్మిదేళ్లు నిండినవాణ్ణి, తెలివి సరిగా ఉండగానే, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. నా చదువు మూడో తరగతి. అక్షరం వంకరైతే కావచ్చు గానీ, మాటలో వంకర లేదు. ప్లీడరు గుమాస్తా తను రాసి చదివి వినిపిస్తానన్నాడు. ఒకరు చదివి వినిపించిన కాగితం మీద సంతకం పెట్టి ఒకసారి చెడ్డాను, చాలు.

1. నేనుండే గది, దాని వెనక రేకుల షెడ్డు, నిచ్చెన నా కూతురికి. ఆసుపత్రిలో నర్సుగా నిలబడి నిలబడి అరిగిన కాళ్లు, కూర్చోడానికి తనకంటూ ఒక చోటుండాలి. నిచ్చెన ఎందుకంటే, ఆరేళ్లప్పుడు దాని మూడో మెట్టు మీద కూర్చుని నాకు రేకులు అందించేది. ఒక్కసారీ తప్పు రేకు ఇవ్వలేదు. ఈ వీలునామా జరిపించే భారం కూడా తనదే.

2. సున్నా రేకు మనవరాలికి. ఎంత మొనగాడైనా దీని కింద నిలబడే మొదలుపెట్టాడు. ఎప్పుడైనా పరీక్ష తప్పితే గోడకి తగిలించుకోమనండి.

3. నా కళ్లజోడు అల్లుడికి. టీవీ కంపెనీవాళ్లు మా ఆటస్థలం కొనుక్కుని, చెక్క బోర్డు కోయించి పెద్ద తెర పెట్టిన ఏడాది, పాత బోర్డాయనతో ప్రకటన తీస్తామని వచ్చారు. కాగితం పదకొండు పేజీలు. అల్లుడు రెండు చదివి, "మిగతాదంతా మామూలే మామయ్యా, పెట్టెయ్యండి" అన్నాడు. ఆ మామూలులో ఏముందంటే, నా ముఖం, నా గొంతు వాళ్లిష్టమొచ్చినట్టు వాడుకోవచ్చట, నేను పోయాక కూడా. అల్లుడూ, నువ్వు చెడ్డవాడివి కావు, ఓపిక లేనివాడివి. ఈ జోడు పెట్టుకుని మిగిలిన తొమ్మిది పేజీలు చదువు.

4. నా ముఖం ఎవరికీ రాయడం లేదు. అది ముందే పోయింది. కాబట్టి నా ఫోటో గోడకి పెట్టకండి. చూడాలనిపిస్తే టీవీ పెట్టుకోండి, ఓవరు ఓవరుకీ వస్తాను.

5. నా డబ్బా టీవీ చెప్పులు కుట్టే ఆయనకి, లోపలి సామాను పీకేసి తోళ్లు దాచుకోవడానికి. మా కిటికీలోంచి ఆటస్థలం గోడ కనిపిస్తుంది. అక్కడ జనం అరిచిన అరనిమిషానికి నా టీవీలో బంతి పడుతుంది. ఆ పాచి బంతికి నెలనెలా కట్టాలి. కట్టినా, ఆటగాడు అవుటై తల దించుకుని నడుస్తుంటే అతన్ని తీసేసి పళ్లపొడి చూపిస్తారు. నా ప్రకటన ఆపమని ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంది ఓ ఆడగొంతు. అంకెలతో బతికినవాణ్ణి అంకెలతోనే తరిమింది. చివరికి ఒక మనిషి దొరికాడు. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది సార్" అని పెట్టేశాడు.

6. తొమ్మిదంకె రేకులు రెండూ దర్జీకి. ఈ ఆరో అంశాన్ని నా కూతురు ఆటస్థలం గేటు దగ్గర నిలబడి నలుగురూ వినేలా చదవాలి. ఒక్క ముక్క కొయ్యడానికి ఎవరికీ హక్కు లేదు.

దర్జీ కుర్రతనంలో మా జట్టు బ్యాటు. ఫైనల్ రోజున బంతి బ్యాటుకి కాక కాలికి తగిలి వచ్చిన పరుగుని, జట్టు లెక్కలో వెయ్యాల్సిందాన్ని, నేను వాడి పేరు కింద వేశాను. తొంభై తొమ్మిది మీదున్నవాడికి నూరు చూపించాను. వాడు బ్యాటెత్తాడు, జనం లేచి నిలబడ్డారు, ఆ ఊపులో తరవాతి బంతికే అవుటయ్యాడు. జట్టు ఓడింది. స్కోరు పుస్తకంలో చూస్తే వాడిది తొంభై తొమ్మిదే. లెక్క రాని బ్యాటు అని ఊరంతా వాణ్ణి వెక్కిరించింది. తప్పు బోర్డుదని నేను నోరు విప్పలేదు. వాడూ చెప్పలేదు. "అంకె నీది, వికెట్ నాది, పోనీరా" అన్నాడు. తరవాత ఏ ఆదివారమూ నా గదికి రాకుండా ఉండలేదు.

ప్రకటన తీసిన రోజు ఇదంతా కెమెరా ముందు చెప్పాను. ఏడ్చాను కూడా. చివర్లో నవ్వులాటకి ఇదొక్కటి అనండి తాతా అంటే అన్నాను. నా ఏడుపు కోసేశారు, నవ్వులాట ఉంచారు: "నలభై ఏళ్లు, ఒక్క తప్పు అంకె లేదు. నన్ను నమ్మారుగా, ఈ చానల్‌నీ నమ్మండి." అది చూసిన ఆదివారం దర్జీ గుమ్మం దాటలేదు. "బోర్డు మళ్లీ తప్పే చూపించిందిరా" అని వెనక్కి తిరిగాడు. మూడేళ్లయింది. నేనే వెళ్లొచ్చు. మోకాళ్లు ఒప్పుకోవు, పొగరు అసలే ఒప్పుకోదు.

7. సాక్షులు ఇద్దరుండాలట, నేను చూస్తుండగానే సంతకం పెట్టాలట, సాక్షికి ఆస్తి రాయకూడదట. గుమాస్తా చెప్పాడు. సామాను పీకేసిన టీవీ డబ్బా ఆస్తి కాదు. తొమ్మిదులూ ఆస్తి కాదు. అవి ఎప్పుడూ వాడివే, నా దగ్గర ఉండిపోయాయి. రెండో సాక్షి దర్జీయే. ఇంకెవరు పెట్టినా ఈ కాగితం చెల్లదు. వాడు వచ్చేదాకా నేను చచ్చేది లేదు.

తేదీ: మూడో నెల, తొమ్మిది, ఆదివారం.

సంతకం: బోర్డాయన (పదకొండు పేజీలు కావు, ఇవి రెండే, రెండూ నేనే చదువుకుని పెట్టాను)

సాక్షి ఒకటి: చెప్పులు కుట్టే ఆయన

సాక్షి రెండు: ..............................
(తలుపు గడియ వెయ్యలేదురా.)