తెర వెనక పాడిన గొంతు

సత్తెనపల్లి, 11-2-2001

"పద్యాలు పాడేది నువ్వేనని మద్రాసులో చెప్తానురా" అని వెంకటప్పయ్య రైలెక్కుతూ మాటిచ్చాడు. సినిమాల్లో పేరొచ్చాక ఉత్తరం కూడా రాయలేదు. నాటకాల్లో వాడు పెదవులు కదిపేవాడు, తెర వెనక నేను పాడేవాణ్ణి. జనం వన్స్‌మోర్ అని అరిచేది వాడి పేరు పెట్టి.

ఈరోజు వాడి సంస్మరణ సభలో అధ్యక్షుడు, "మన స్టేజీ మీద ఆయన పాడిన గొంతు మళ్లీ రాదండీ!" అన్నాడు. పక్కనున్న మా హార్మోనిస్టు సాంబయ్యను గిల్లాను.

"నువ్వైనా చెప్పరా. నువ్వు తప్ప సాక్షి లేడు."

"చచ్చినోడి మీద ఇప్పుడెందుకురా?" అంటూ సభవాళ్లు కప్పిన శాలువా సర్దుకున్నాడు.

వెంకటప్పయ్య పేరు కోసం అబద్ధమాడాడు, అది నాకు అర్థమవుతుంది. ప్రతి పద్యానికీ నాకు శ్రుతి ఇచ్చినవాడు నోరు మూసుకోవడమే... ఎన్నేళ్లు గడిచినా నీ తప్పు మాత్రం మన్నించలేను, సాంబయ్యా.