అచ్చు దొరికింది

జూన్ 11, 1949

స్టేట్‌మెంట్ రాయమని నోట్‌బుక్, పెన్సిలు ఇచ్చారు. ముందు పేజీలు వాళ్ళకి. వెనక కాగితాలు చింపుకుని ఇది రాస్తున్నాను. రాసి ఊకలో దాస్తాను.

నన్ను పట్టుకొచ్చి నాలుగు రోజులైంది. పామర్రు చేనేత సొసైటీ ఆఫీసు మూసి ఇంటికి వెళుతుంటే కాలవ గట్టు మీద ముగ్గురు సైకిళ్ళు దిగారు. గుమాస్తా సాంబమూర్తిగారు మీరేనాండీ అని అడిగారు. అవునన్నాను. అంత మర్యాదగా అడిగితే కాదని ఎవడంటాడు? కళ్ళకు గుడ్డ కట్టారు. ఇదేదో మూతపడ్డ రైస్‌మిల్లు. నేనున్నది ఊక గది. తుమ్మి తుమ్మి ముక్కు పుండైంది.

జూన్ 12

నేరమేమిటో తెలిసింది. పోస్టుకార్డు!

బెజవాడ గవర్నర్‌పేటలో ఉండే తిరుపతిరావుకి రాసిన కార్డు. చిన్ననాటి స్నేహితుడు. పోలీసాఫీసులో గుమాస్తా. వాళ్ళమ్మ పద్మావతమ్మగారు ఇంకా మగ్గం నేస్తుంది. ఆవిడకి అచ్చు కావాలంటే వెతికి సంపాదించాను. కార్డు రాశాను: ‘అచ్చు దొరికింది. మనిషిని పంపితే అప్పజెబుతాను.’

ఆ వారమే, సర్కారు నిషేధించిన వీళ్ళ పార్టీ రహస్యంగా నడిపే ప్రెస్ పోలీసులకు పట్టుబడిందట. ముగ్గురు చనిపోయారట. నా కార్డులో అచ్చంటే ఆ ప్రెస్సేనని వీళ్ళ లెక్క. కార్డు వీళ్ళ చేతికి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

వీళ్ళ నాయకుణ్ణి అందరూ మాస్టారు అంటారు. నిజంగానే బడిపంతులట, పార్టీ కోసం ఉద్యోగం వదిలేశాడట. ఆయనకి గంటసేపు చెప్పాను. మగ్గం మీద పడుగు పోగులు దూర్చే పళ్ళ చట్రం ఉంటుందండీ, దువ్వెనలా ఉంటుంది, దాన్నే మేం సాలెవాళ్ళం అచ్చు అంటామండీ అని. శ్రద్ధగా విన్నాడు. మరి మగ్గం అచ్చు అని రాయలేదేమండీ అన్నాడు.

కార్డు మీద నాలుగు ముక్కల్లో సంగతి తేల్చేస్తానని నాకు గర్వం. తగిన శాస్తి జరిగింది.

జూన్ 15

కొట్టలేదు. కొడితే బాగుండును. మాస్టారు నా స్టేట్‌మెంట్ ఎర్ర పెన్సిలుతో దిద్దుతాడు. ‘నాకు తెలియదు’ అన్నచోటల్లా సున్నా చుడతాడు. మళ్ళీ రాయమంటాడు.

జూన్ 19

ఏడోసారి.

జూన్ 20

ఇవాళ ఒక పేరా బాగా వచ్చిందండీ అన్నాడు మాస్టారు. సిగ్గులేకుండా సంతోషించాను. ఆయన వెళ్ళాక గోడకు తల కొట్టుకున్నాను.

జూన్ 23

నేనే ప్రెస్ పట్టించానని ఒప్పుకుని రాశాను. ఇంతటితో వదులుతుందనుకున్నాను. ఇది ఒక్కడి పని కాదు, ఇంకొకరెవరో చెప్పండి అన్నాడు. ఒక్క పేరు చెబితే నన్ను ఇంటికి పంపుతాడట. చెప్పకపోతే ఏం చేస్తారని అడిగాను. నా భుజం మీది ఊక దులిపాడు.

జూన్ 25

అన్నం తెచ్చే మణెమ్మ ఎప్పుడూ నోరు విప్పదు. ఆవిడ భర్త ఏసుపాదం లాకప్‌లో పోయాడట. ఇవాళ మాత్రం కంచం పెడుతూ, ఆ ఒక్క పేరూ చెప్పేసి ఇంటికెళ్ళిపోండి బాబూ, మీకు ముందు ఈ గదిలో ఉన్నాయన చెప్పలేదు అంది. ఆయన ఏమయ్యాడు అన్నాను. మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

జూన్ 26, మధ్యాహ్నం

పేరు చెప్పాను.

అదే రోజు, సాయంత్రం

రాత్రంతా ఆలోచించే చెప్పాను. మార్కండేయులు, సాలెల వీధి, పామర్రు. మా అక్క సీతారావమ్మ మామగారు. పోయి పాతికేళ్ళయింది. చచ్చినవాణ్ణి ఎవరేం చేస్తారు? పామూ చావలేదు, కర్రా విరగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

జూన్ 27

స్నానానికి నీళ్ళిచ్చారు. సబ్బు కూడా.

జూన్ 29, ఉదయం

పక్క గదిలోకి ఎవరినో తెచ్చారు. ఎవరని మణెమ్మనడిగాను. మీరు చెప్పిన మార్కండేయులేనంట బాబూ, పాతికేళ్ళు కూడా ఉండవు, పాపం అంది.

ఆయన పోయాడు కదా అన్నాను. పైకే అన్నాను.

అప్పుడు తట్టింది. అబ్బులు! మా అక్క కొడుకు. తాత పోయిన ఏడాదికి పుట్టాడని తాత పేరే పెట్టారు. మామగారి పేరు కోడలు నోట పలకకూడదు కనుక అక్క వాణ్ణి అబ్బులు అంది. వీధంతా అబ్బులే అంది. నేనూ అంతే. ఆ పేరు ఉన్నది నూలు రేషన్ కార్డు మీదా, సొసైటీ రిజిస్టరులోనూ. వీళ్ళు అవి చూసే వాణ్ణి పట్టుకుని ఉంటారు. రెండుచోట్లా రాసింది నేనే. రాసి మరిచిపోయాను.

సాయంత్రం

మాస్టారి కాళ్ళు పట్టుకున్నాను. అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. మొదట ఆ మాటకి అర్థం వేరన్నారు, ఇప్పుడు ఈ పేరుకి మనిషి వేరంటున్నారు, మీరు ఏది చెప్పినా దానికి రెండోది ఒకటుంటుందండీ అన్నాడు. పార్టీ నిర్ణయం అయిపోయిందట.

జూన్ 30

గోడ అవతలి నుంచి అబ్బులు పిలిచాడు. నా తుమ్ము విని గుర్తుపట్టాడు. మావయ్యా, నువ్వూ ఇక్కడే ఉన్నావా, నీ కోసం అమ్మ అన్నం మానేసింది, ఇంక నాకు భయం లేదులే అన్నాడు. తర్వాత, నా అసలు పేరు మన వీధిలోనే ఎవరికీ తెలియదు కదా, వీళ్ళకెవరు చెప్పుంటారు మావయ్యా అని అడిగాడు.

తెలియదురా అన్నాను.

జూలై 1

అబ్బులుకి సంతకం వరకే చదువు. వాడి స్టేట్‌మెంట్ నన్ను రాయమన్నారు. రాస్తే రేపు నన్ను వదిలేస్తారట.

‘మార్కండేయులు అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా’