గాడిద దారిలో వెడల్పు టైర్లు

ఊడెనార్ద దగ్గర, మన ఊరు
సోమవారం, ఏప్రిల్ 8

నేస్తం ఒమేర్‌కి,

రాళ్లు పరిచే ఆఖీల్ వంగి దండం పెట్టి రాసే ఉత్తరం. సముద్రపు గాలి నీకూ మీ అక్కయ్యకూ పడిందని తలుస్తాను. నా క్షేమం గురించి రాయాలంటే కొంచెం పని ఉంది. కుడి పిడికిలి వాచి రొట్టె ముద్దంత అయింది, కింది పెదవి చీలింది, అరచేతుల్లో తోలు మిగల్లేదు. మిగతాదంతా కులాసా.

పదకొండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తవు. ఒకసారి మీ అక్కయ్య ఎత్తి, "వాడు నీతో మాట్లాడడయ్యా, చేపలు తోముతున్నాడు" అని పెట్టేసింది. నువ్వు చేపలు తోమే మనిషివా? అందుకే కాగితం పట్టాను. బడిలో చదివినప్పుడు కూడా ఇంత పొడుగు రాసి ఎరగను. శుక్రవారం నువ్వొచ్చి సైకిల్ కొట్టు అమ్మకానికి సంతకం పెడతావని ఊరంతా అంటోంది. కొనేవాడు దాన్ని గోళ్లకు రంగులేసే దుకాణం చేస్తాడట. ఈ ఉత్తరం ఆఖరు దాకా చదువు. అప్పటిదాకా కలం ముట్టుకోకు.

నీకు తెలిసిన సంగతే మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడాదిగా ఊళ్లో దాన్ని తలో రకంగా చెప్పుకుంటున్నారు. మన క్లబ్బులో తాతల నాటి నుంచి అందరివీ సన్న టైర్లే. ఇరవై అయిదు మిల్లీమీటర్లవి, బొటనవేలు నొక్కితే వేలే నొప్పి పుట్టేంత గాలి కొట్టి. పోయిన వసంతంలో మొదటిసారి నువ్వు ముప్ఫై రెండు మిల్లీమీటర్లవి వేశావు, నీ మాట మీద చాలామంది కొనిపెట్టుకున్నారు. ట్యూబు లేదు, గాలి సగమే. ఆ టైర్ల మీద క్లబ్బు నూట డెబ్బై కిలోమీటర్ల సవారీకి ముందు నిలబడి నడిపించావు. రాళ్లు పరిచిన గాడిద దారిలో నీ ముందు చక్రం పోయింది. ముఖం రాళ్లకు కొట్టుకుంది. దవడ రెండు ముక్కలైంది, ఎడమ కన్ను తీసేశారు. టైరు చక్రం అంచు మీంచి ఊడి వేలాడుతోంది. మన క్లబ్బు రూలాంద్ దాన్ని చచ్చిన పాముచేపలా పైకెత్తి అందరికీ చూపించాడు. తీర్పు అక్కడే అయిపోయింది. నీ దగ్గర వెడల్పు టైర్లు కొన్నవాళ్లంతా ఆ వారమే వాటిని తెచ్చి నీ కొట్టు తలుపు మీదకి విసిరేశారు. కిటికీ ఎత్తు కుప్ప పడింది. మీ ఆవిడ గోదెలీవ్ ఒక్కతే అన్నీ లోపలికి మోసుకుంది.

నువ్వు మాత్రం రాయి ఉందన్నావు. దవడకు తీగ చుట్టి నోరు తెరవలేకపోయినా ఆసుపత్రిలో కాగితం మీద రాశావు, నిలబడి ఉన్న రాయి తగిలిందని. మర్నాడు నేనే క్లబ్బు వాళ్లందరినీ తీసుకెళ్లి ఆ చోటు చూపించాను. దారి బల్లలా ఉంది. ఆ మాట ఇక వదిలెయ్యి ఒమేర్. దెబ్బ తగిలిన తలకి ఏవేవో కనపడతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మార్చిలో నీ కొట్టుకి వెళ్లాను. గోదెలీవ్ నన్ను చూసి చేతిలో రెంచి కింద పెట్టలేదు.

"ఏం, ఎగతాళికొచ్చావా?" అంది.

"టైర్లకొచ్చాను. ఒమేర్ వేసుకున్న రకమే కావాలి. ఈసారి సవారీ వాటి మీదే."

"అదిగో కుప్ప. నీ స్నేహితులు విసిరినవే, ఏరుకో."

ఏం ఏరుకోవాలో నాకేం తెలుసు? రాయిని చూసి చెప్పమంటే ఏ గనిదో చెబుతాను, రబ్బరు నాకు అంతుపట్టదు. ఇరవై ఎనిమిదివి ఇవ్వమన్నాను, మరీ వెడల్పైతే నలుగురిలో నామోషీ అని.

"నామోషీ అయితే నీ సన్నవే ఉంచుకో, మణికట్లు విరిగితే అవే అతుక్కుంటాయి. రాళ్ల మీదకైతే ముప్ఫై రెండు. నీ బరువెంత?"

"ఎనభై ఎనిమిది."

"కాటా ఎక్కు." ఎక్కాను. తొంభై ఆరు చూపించింది. "బీరుకి బరువుండదనుకున్నావు కాబోలు. గాలి ముందు చక్రానికి మూడున్నర బార్లు, వెనక దానికి నాలుగు. వాన పడితే ఇంకో పావు తగ్గించు. అంతకన్నా కొడితే రాయి నిన్ను ఎగరేస్తుంది, తగ్గిస్తే చక్రాన్నే తినేస్తుంది. ఇవి నా మాటలు కావు, ఆయనవే."

ఆవిడే ఎక్కించింది. చెయ్యి వెయ్యబోతే నా వేళ్ల మీద రెంచితో ఒక్కటిచ్చింది. లోపల చిల్లులు పూడ్చే పాలలాంటి మందు పోసి, ఒక్కసారిగా గాలి కొట్టింది. టైరు అంచు చక్రంలో కూర్చునేటప్పుడు తుపాకి పేలినట్టు రెండు చప్పుళ్లు వచ్చాయి. గోదెలీవ్ నా ముఖంలోకి చూసి, "ఇది వినకుండా ఆయన ఏ చక్రాన్నీ గడప దాటించలేదు" అంది. డబ్బు తీసుకోలేదు.

నిన్న ఆదివారం. తెల్లారి ఏడింటికి నలభై ఇద్దరం కేఫ్ ముందు చేరాం. రూలాంద్ నా చక్రాలు చూసి అందరికీ వినపడేలా అరిచాడు. "ఏంట్రా ఆఖీల్, పంది పొట్టలు ఊది కట్టుకొచ్చావ్? నీకూ ఒంటి కన్ను మీద మోజు పుట్టిందా?"

కొట్టాను. మాట పూర్తయిందో లేదో కూడా చూడలేదు. రెండు పళ్లు రాలాయి, మూడోది ఊగుతోందని మధ్యాహ్నం తెలిసింది. వాడు గాలి పంపు పీకి నా పెదవి మీద ఇచ్చాడు. వాణ్ణి పడేసి, వాడి చెవి పట్టుకుని తలను రాళ్లకు వాయించాను. అవి నేను పరిచిన రాళ్లే. కేఫ్ యజమానురాలు నేల తుడిచిన నీళ్ల బకెట్ మా ఇద్దరి మీద కుమ్మరించి, "కొట్టుకు చావాలంటే నూట డెబ్బై కిలోమీటర్లున్నాయి, దారిలో చావండి! నా గుమ్మంలో కాదు!" అని తిట్టింది. ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాం. రూలాంద్ రక్తం ఉమ్ముకుంటూ నా పక్కనే తొక్కాడు.

పది దాటగానే వాన. రాళ్లు కొడతాయి ఒమేర్, నీకు చెప్పాలా? ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేను సుత్తితో వాటి నెత్తిన కొడుతున్నాను. ఏడాదికోసారి అవి నా మీద కసి తీర్చుకుంటాయి. తొమ్మిదో రాళ్లదారిలో పొడుగు స్టాన్ సన్న టైరు జారి నా ముందే పడ్డాడు. మెడ కింద ఎముక ఎండుపుల్లలా విరిగిన చప్పుడు వానలో కూడా వినిపించింది. వాడు అరుస్తుంటే పక్కనుంచి తొక్కుకుంటూ పోయాం, పడ్డవాళ్లని ఎక్కించుకునే బండి వెనక వస్తోందిగా. రూలాంద్ టైరు నాలుగుసార్లు పగిలింది. నాలుగోసారి సైకిల్‌ని కాలవలోకి విసిరి, వెనకే దిగి దాన్ని తన్నాడు. ఎందరి చేతుల్లోంచో రక్తం కారుతోంది. నాకు తోలు ఊడిందే కానీ టైరుకి గీత పడలేదు. ఒంటి మీద ఎవరో మెత్త పరిచి ఆ పైన కర్రతో కొట్టినట్టుంది. నీ టైరు ఆ మెత్త.

గాడిద దారిలో పక్క మట్టిలోకి దిగలేదు. నువ్వెప్పుడూ వెళ్లినట్టే నడిమధ్యన, దారి గట్టులా ఉబ్బిన చోటే, ఊపిరి బిగబట్టి తొక్కాను. నువ్వు పడ్డ చోట కళ్లు మూసుకున్నాను. మూర్ఖత్వమే. తెరిచేసరికి దాటేశాను.

సాయంత్రం కేఫ్‌లో ముందు చక్రం ఊడదీసి బీరు గ్లాసుల మధ్య బల్ల మీద పడేశాను. "నొక్కి చూడండ్రా" అన్నాను. ఒక్కొక్కరే వచ్చి బొటనవేలితో నొక్కారు. ఎవడూ నవ్వలేదు. "టైరు బానే ఉందిగా మరి?" అంది యజమానురాలు. రూలాంద్ వాచిన మూతితో ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు, అర్థమైతే మూడో పన్ను కూడా రాలేది. ఇద్దరు మాత్రం ఆ కుప్పలో తమ టైర్లు ఇంకా ఉన్నాయేమో అడుగుతామన్నారు. ఇద్దరే. కానీ పోయిన ఏడు అంతమంది విసిరేసిన చోట ఇద్దరంటే తక్కువా?

కాబట్టి సంతకం పెట్టకు. టైరు నిన్ను మోసం చెయ్యలేదు. నువ్వు ఎంచిందే సరైంది, నా చర్మం సాక్షి. తిరిగి రా, కొట్టు తలుపు తియ్యి. తిట్టాలనుంటే వచ్చి తిట్టు.

ఎన్నటికీ నీవాడు,
ఆఖీల్

తా.క. ఉత్తరం అయిపోయిందనుకున్నాను. ఇవాళ, మంగళవారం పొద్దున, మీ అక్కయ్య ఇంటి చిరునామా కోసం దీన్ని గోదెలీవ్ దగ్గరికి తీసుకెళ్లాను. నిలబడే అంతా చదివింది. మెచ్చుకుంటుందనుకున్నాను. ఒక్కటే అడిగింది. "టైరు మంచిదే అయితే మరి ఆయనెలా పడ్డాడు? బిగించింది ఆయన చేతులే. అంటే చేతులు చెడ్డాయంటావా?"

టైరుని గెలిపించానని సంబరపడ్డాను. గెలిపించి ఆ తప్పు తీసుకెళ్లి నీ చేతులకు అంటగట్టానని అప్పుడు తెలిసింది. ఆవిడకు చెప్పేశాను. ఇప్పుడు నీకు.

పోయిన ఏడు కేఫ్‌లో నువ్వు అందరి ముందూ ఒక మాటన్నావు. ఈ టైర్లుంటే ఆఖీల్ రాళ్లు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అన్నావు. అందరూ నవ్వారు. నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను ముప్ఫై ఏళ్లు మోకాళ్ల మీద కూర్చుని పరిచిన రాళ్లవి. ఆ వారం గాడిద దారి మరమ్మతు నా చేతిలోనే ఉంది. సవారీ ముందటి శుక్రవారం, నువ్వు వెళ్లే నడిమధ్యన ఒక రాయి పీకి, దాన్ని నిలువుగా, రెండు వేళ్లు పైకి లేచేలా పాతాను. నీ టైరు పగలాలి, సైకిల్ భుజానేసుకుని పదకొండు కిలోమీటర్లు నడిచి రావాలి, మేం నవ్వాలి. అంతే అనుకున్నాను. రోజూ నాకు నేను ఇదే చెప్పుకుంటున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా అది చిన్నది కావడం లేదు.

నువ్వు పడ్డప్పుడు అందరూ నీ చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. నా బూట్ల కింద ఆ రాయి ఉంది. నీ రక్తం రాళ్ల సందుల్లోంచి నా కాలి దాకా వచ్చింది, నేను కాలు తియ్యలేదు. అంబులెన్స్ వెళ్లాక సైకిళ్లకు కాపలా ఉంటానని అందరినీ పంపేసి, ఇంకో రాయితో దాన్ని బాది లోపలికి దించాను. తెల్లవారుజామున సుత్తీ ఇసుకా తెచ్చి చదును చేశాను. ఆ తర్వాతే అందరినీ తీసుకొచ్చి చూపించాను, బల్లలా ఉందని.

గోదెలీవ్ లోపలికి వెళ్లి నిలువు పంపు తెచ్చింది. మొదటి దెబ్బ నా భుజం మీద పడింది. రెండోది పక్కటెముకల మీద, ఏదో విరిగిన చప్పుడైంది. ఆపమనలేదు. మూడోది వెయ్యకుండా పంపు కింద పడేసి కవరు మీద చిరునామా తనే రాసింది. "నాతో చెప్పిందంతా ఇందులో రాయి. ఒక్క మాట కొట్టేసినా నీ సంగతి చెబుతా" అంది. కొట్టెయ్యలేదు. దీన్ని తపాలా డబ్బాలో వేసి అటే మునిసిపాలిటీకి వెళ్తున్నాను, అక్కడినుంచి పోలీసుల దగ్గరికి.

నీ చేతులు ఏ తప్పూ చెయ్యలేదు. రాయి ఉంది ఒమేర్. నీ ఎడమ కన్ను ఆఖరిసారి చూసింది దాన్నే.